ఇంటి ముంగిట దోమగుడ్డు: ఒక ప్రజారోగ్య చరిత్ర

చరిత్ర రచనలో రాజ్యాలకూ యుద్ధాలకూ లభించిన ప్రాధాన్యం ఇంటి వెలుపలి నీటితొట్టికి లభించలేదు. అయితే భారతీయ నగరాల ఆరోగ్యచరిత్రను పరిశీలించినప్పుడు, ఆ తొట్టిలో దోమ పెట్టే గుడ్డు చుట్టూ సైనికాధికారులు, వైద్యులు, పురపాలక సంఘాలు, మతపెద్దలు, గృహస్థులు నూరేళ్లకు పైగా వాదోపవాదాలు సాగించారని విదితమవుతుంది. ఆ గుడ్డును తొలగించవలసిన బాధ్యత గృహస్థుదా, ప్రభుత్వానిదా అన్నదే ఈ వివాదాలన్నింటికీ మూలమైన ప్రశ్న.

బెంగుళూరు నుండి సికింద్రాబాదుకు

1883లో ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన యువవైద్యుడు రోనాల్డ్ రాస్ బెంగుళూరు దండులో పనిచేస్తుండేవాడు. తన బంగళాలో దోమల బెడద మితిమీరడానికి కిటికీ బయట ఉంచిన నీటిపీపాయే కారణమని ఆయన గ్రహించాడు. అందులో లార్వాలు కదలాడుతున్నాయి. పీపాను బోర్లించగానే దోమలు తగ్గాయి. సైనికుల భోజనశాల పరిసరాల్లోని తొట్లను కూడా ఇలాగే ఖాళీ చేయించమని రాస్ అక్కడి అధికారికి సూచించాడు. దోమలను కూడా సృష్టి ఏదో ప్రయోజనం కోసమే పుట్టించిందనీ, వాటిని భరించడమే మన విధి అనీ చెప్పి ఆ అధికారి నిరాకరించినట్లు రాస్ తన స్మృతుల్లో రాసుకున్నాడు. ఒక ఇంటి తొట్టిని ఖాళీ చేయడం సులభమే గాని, పక్క ఇంటి తొట్టి వద్దకు వెళ్లేసరికి సమస్య పాలనాపరమైనదిగా మారుతుందని ఈ చిన్న ఘటన తెలుపుతుంది.

పద్నాలుగేళ్ల తరువాత, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదు బేగంపేటలో రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవి ఆనవాళ్లను కనుగొన్నాడు. హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమల్లో ఒకదాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించి ఆయన ఈ నిర్ణయానికి వచ్చాడు. ఈ జాతిని మిగిలినవాటి నుండి వేరుచేసే లక్షణాల్లో పడవ ఆకారంలోని గుడ్డు ఒకటని కూడా గమనించాడు. ఈ పరిశోధనకు గాను 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

బావుల వివాదం

గుడ్డు పెట్టే చోటును అదుపు చేస్తే జ్వరాన్ని అదుపు చేయవచ్చునన్న ఆశతో లాహోరు సమీపంలోని మియాన్ మీర్ దండులో 1901 తరువాత కొన్నేళ్లు ప్రయోగాలు జరిగాయి. కాలువలు పూడ్చారు, నీటిగుంటలపై నూనె చల్లారు. ఆశించిన ఫలితం రాలేదు. ప్రయోగానికి కేటాయించిన నిధులు, ఎంచుకున్న విస్తీర్ణం చాలలేదని రాస్ వాదించాడు. ఆ పద్ధతే ఈ దేశానికి సరిపడదని మరికొందరు వైద్యులు వాదించారు.

బొంబాయి అనుభవం ఇంతకన్నా విశిష్టమైనది. అక్కడి మలేరియాకు మూలం ఊరి వెలుపలి చిత్తడి నేలలు కావనీ, ఇళ్ల ఆవరణల్లోని బావులూ నీటితొట్లేననీ వైద్యుడు చార్లెస్ బెంట్లీ 1911 నాటి నివేదికలో నిరూపించాడు. అక్కడ వ్యాధికారకమైన అనాఫిలిస్ స్టీఫెన్సై శుభ్రమైన నీటిలోనే గుడ్లు పెడుతుంది. అందువల్ల మురికిని తొలగిస్తే చాలునన్న పాత ఆరోగ్యసూత్రం ఇక్కడ అక్కరకు రాలేదు. బావులను మూసివేయాలని నగరపాలక సంస్థ నోటీసులు జారీ చేసింది. మతవిధులకు బావినీరు అవసరమైన పార్సీలూ, పలువురు హిందువులూ అభ్యంతరం తెలిపారు. వైద్యశాస్త్రం సూచించిన చర్య ఎంత సహేతుకమైనదైనా, నీటితో ప్రజలకున్న సంబంధాన్ని గౌరవించకుండా అమలు చేయడం కష్టమని ఈ వివాదం చాటిచెప్పింది.

మరుగున పడిన తొట్టి

స్వాతంత్ర్యం వచ్చిన నాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మంది మలేరియా బారిన పడుతున్నారనీ, 8 లక్షల మంది మరణిస్తున్నారనీ అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో అది నిర్మూలన కార్యక్రమంగా మారింది. ఇంటి లోపలి గోడలపై డీడీటీ చల్లి, అక్కడ వాలే దోమను చంపడమే దీని ప్రధాన పద్ధతి. 1965 నాటికి కేసులు సుమారు లక్షకు తగ్గాయి. అది అపూర్వ విజయమే. కాని పల్లెల్లో గోడలపై మందు చల్లుతుండగా, పట్టణాల్లో ఇంటి వెలుపలి బావినీ తొట్టినీ కనిపెట్టి ఉండే పని స్థానిక సంస్థలకే మిగిలింది. అది సక్రమంగా సాగలేదు. డీడీటీని తట్టుకొనే దోమలు పెరగడం, మందుల సరఫరాలో జాప్యం కూడా తోడై 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. లార్వాల నివారణ ప్రధానంగా పట్టణ మలేరియా పథకం 1971లో ఆరంభమైంది.

గుడ్డు నేర్పే పాఠం

ఈలోగా మరో దోమ ముందుకు వచ్చింది. ఈడిస్ ఈజిప్టై వల్ల 1963లో కలకత్తాలోనూ, 1964లో మద్రాసులోనూ చికున్‌గున్యా వ్యాపించింది. 1996లో ఢిల్లీలో డెంగీ 10,252 మందికి సోకి 423 మందిని బలిగొన్నది. అనాఫిలిస్ నీటి ఉపరితలంపై గుడ్లు విడిచిపెడితే, ఈడిస్ తొట్టి గోడకు, నీటిమట్టానికి కాస్త పైన, ఒక్కొక్కటిగా అంటిస్తుంది. పెట్టినప్పుడు తెల్లగా ఉండే గుడ్డు కొద్ది గంటల్లో నల్లబడుతుంది. నీరు ఎండినా అది నెలల తరబడి జీవించి, మళ్లీ నీరు సోకగానే పొదుగుతుంది. కనుక రాస్ చేసినట్లు పీపా బోర్లించడం మాత్రమే ఇక్కడ చాలదు. గోలెం, కూలరు, పూలకుండీ కింది పళ్లెం, పెరట్లోని వాడని రోలు మొదలైనవాటి లోపలి అంచులను గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పదిరోజులు పడుతుంది గనుకనే వారానికి ఒకరోజు ‘డ్రై డే’ పాటించాలన్న నియమం ఏర్పడింది.

అయితే ఈ నియమాన్ని గృహస్థుకు బోధించే ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఇంటింటా గోలేలు, డ్రమ్ములు నిండి ఉండటానికి కారణం అజ్ఞానం కాదు; కుళాయి నీరు రోజు విడిచి రోజు, ఒక్కోచోట అంతకన్నా అరుదుగా రావడమే. నీరు నిత్యం అందని ఇల్లాలిని తొట్టి ఎండబెట్టమనడం అరకొర సలహాయే అవుతుంది. తొట్టి అంచును రుద్దవలసిన చేయి గృహస్థుదే. తొట్టి అవసరం లేకుండా నీరందించవలసిన బాధ్యత పాలకులది. మియాన్ మీర్ మొదలుకొని ఢిల్లీ వరకు ఎదురైన వైఫల్యాలను పరిశీలిస్తే, ఈ రెండింటిలో ఒకదానితోనే సరిపెట్టుకోజూసిన ప్రతిసారీ దోమదే పైచేయి అయినదని స్పష్టమవుతుంది.