నిరోధము లేని తీగకు వెల ఎంత?

తీగలో విద్యుత్తు ప్రవహించునప్పుడు తీగ వేడెక్కును. ఇందుకు కారణము తీగకు గల నిరోధము. విద్యుత్కేంద్రములో పుట్టిన శక్తిలో కొంత భాగము ఇట్లు దారిలోనే వ్యర్థమగును. నిరోధమే లేని తీగ దొరికినచో ఈ నష్టము తప్పును గదా! అట్టి వాహకము 1911 లోనే దొరికినది. అయినను నేటికిని రాగి, అల్యూమినియం తీగలే మనకు విద్యుత్తును తెచ్చుచున్నవి. ఎందువలన?

హాలెండులోని లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్స్ అను శాస్త్రజ్ఞుడు 1908 లో హీలియం వాయువును మొదటిసారిగా ద్రవముగా మార్చెను. ఆ ద్రవముతో పాదరసమును చల్లబరచి చూడగా, 1911 లో ఒక వింత బయటపడెను. పరమశూన్యమునకు పైన సుమారు 4.2 డిగ్రీల వద్ద పాదరసపు నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను. దీనినే అతివాహకత అందురు. కాని ఆ తొలి అతివాహకములు పెద్ద విద్యుత్తును మోయలేకపోయినవి. ప్రవాహము హెచ్చినప్పుడు దానివలన పుట్టు అయస్కాంత క్షేత్రమే అతివాహకతను చెరచుచుండెను.

నయోబియం, తగరముల సమ్మేళనము బలమైన క్షేత్రమును కూడ తట్టుకొనునని 1961 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తేలెను. దీనిని ఆధారముగా గొని 1967 లో గార్విన్, మాటిసూ అనువారు 10 కోట్ల కిలోవాట్ల శక్తిని 1000 కిలోమీటర్ల దూరము పంపగల కేబులుకు లెక్కలు కట్టిరి.

చిక్కంతయు చల్లదనముతోనే వచ్చినది. 4.2 డిగ్రీల వద్దనున్న కేబులులోనికి ఒక వాటు వేడి చొరబడినచో, దానిని బయటకు తోడుటకు సిద్ధాంతరీత్యానే సుమారు 70 వాట్లు కావలెను. నిజమైన యంత్రములకు కొన్ని వందల వాట్లు పట్టును. పైగా కేబులులో విద్యుత్తు తక్కువగా పోవుచున్నను, ఎక్కువగా పోవుచున్నను, గొట్టపు గోడలగుండా చొరబడు వేడి మాత్రము తగ్గదు. కావున అత్యధిక శక్తిని పంపినప్పుడే ఈ ఖర్చు గిట్టుబాటగును. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలవారు 115 మీటర్ల కేబులును నిర్మించి, 1986 వరకు పరీక్షించిరి. అది చక్కగా పనిచేసెను. కాని అంతటి శక్తిని ఒకే దారిన పంపవలసిన అవసరము కలుగలేదు.

ఆ 1986 లోనే జ్యూరిచ్ వద్ద బెడ్నార్జ్, మ్యూలర్ అనువారు రాగి ఆక్సైడు జాతి అతివాహకములను కనుగొనిరి. మరుసటి సంవత్సరము ఆ జాతిలోనే 93 డిగ్రీల వరకు అతివాహకముగా నుండు పదార్థము లభించెను. 77 డిగ్రీల వద్ద మరుగు ద్రవ నత్రజని దీనికి చాలును. నత్రజని గాలినుండియే వచ్చును; ఒక వాటు వేడిని తోడుటకు పది ఇరవై వాట్లతో సరిపోవును. అయితే ఈ పదార్థములు పింగాణివలె పెళుసైనవి. వాటిని వెండి తొడుగులో కూరి సన్నని పట్టీలుగా సాగదీయవలసి వచ్చెను. చల్లదనపు ఖర్చు తగ్గగా, తీగ ఖర్చు పెరిగెను.

అయినను గిట్టుబాటగు చోట్లు లేకపోలేదు. జర్మనీలోని ఎస్సెన్ నగరములో 2014 లో ఒక కిలోమీటరు కేబులును భూమిలో వేసిరి. అంతవరకు 110 కిలోవోల్టుల వద్ద పంపిన 40,000 కిలోవాట్లను అది 10 కిలోవోల్టులతోనే మోయగలిగెను. అందుచేత నగరము నడుమ పెద్ద ట్రాన్స్‌ఫార్మరుకు స్థలము అక్కరలేకపోయెను. 2021 లో షాంఘై నగరమున 1.2 కిలోమీటర్ల కేబులు పనిచేయ నారంభించెను. పొలములమీదుగా పోవు దారులకు అల్యూమినియం తీగయే చౌక. నేల ఖరీదైన నగరములలో మాత్రము, ఆదా అగు స్థలముయొక్క వెలను కూడ కలుపుకొనినచో, అతివాహక కేబులు దానితో పోటీకి నిలువగలదు.