కాని, వీసం, కళాసవర్ణం

భిన్నం అంటే పగిలినది. పగిలిన రెండు ముక్కలను చేతికిచ్చి ఏది పెద్దదని అడిగితే, రెండూ ఒకే కుండవి అయినప్పుడే ఆ ప్రశ్నకు అర్థం. పాఠ్యపుస్తకాలు ఒకే హారం గలవాటిని సజాతి భిన్నాలనీ, వేర్వేరు హారాలు గలవాటిని విజాతి భిన్నాలనీ పిలుస్తాయి. విజాతి భిన్నాలను ఆరోహణ క్రమంలో పెట్టాలంటే హారాలకు క.సా.గు. కట్టి, అన్నింటినీ సజాతికి మార్చి, ఆపైన లవాలను పోల్చాలి. బడిపిల్లలందరూ వల్లె వేసే సూత్రమే ఇది. అయితే మన పెద్దలు నిత్యవ్యవహారంలో ఈ సూత్రం అక్కరలేకుండానే భిన్నాలను పోల్చుకునేవారనీ, ఆ సౌకర్యం 1957లో చెదిరిపోయిందనీ నా అభిప్రాయం. తెలుగు పండితుణ్ణైన నాకు ఈ లెక్కల గొడవ ఎందుకు పట్టిందో ముందుగా మనవి చేస్తాను.

1980ల చివరి సంవత్సరాలలో నేను డొంకరాయిలో పనిచేశాను. సీలేరు నది మీద, నాటి తూర్పు గోదావరి జిల్లా ఏజెన్సీలో ఉన్న ఊరది. ఎగువ సీలేరు విద్యుత్కేంద్రం నుంచి వచ్చే నీటిని అక్కడి జలాశయం పట్టి, కాలువ ద్వారా దిగువన పొల్లూరు వైపు పంపుతుంది. జలాశయం దగ్గర 25 మెగావాట్ల కేంద్రం ఒకటి ఉన్నది. బడిలో విద్యుత్ ఉద్యోగుల పిల్లలు కొందరు, కొండరెడ్ల, కోయల పిల్లలు కొందరు. గణితోపాధ్యాయుని స్థానం ఖాళీ అయినప్పుడల్లా ఆ గంట నా మీద పడేది. అడవి బడులలో పండితుడంటే అన్నింటికీ పండితుడే.

నల్లబల్ల మీద 1/4, 1/8, 1/16 రాసి చిన్నదానితో మొదలుపెట్టి వరుసగా చెప్పమంటే, తరగతిలో ముప్పాతిక మంది 1/4 అన్నిటికంటే చిన్నదన్నారు. నాలుగు కంటే ఎనిమిది పెద్దది, ఎనిమిది కంటే పదహారు పెద్దది కదా! ఇది కొండపిల్లల అమాయకత్వమని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో ఒక హోటళ్ళ సంస్థ పోటీదారు అమ్మే పావు పౌను మాంసపు రొట్టెకు బదులు అదే ధరకు మూడో వంతు పౌనుది ఇస్తామని ప్రకటిస్తే జనం కొనలేదట. మూడు నాలుగు కంటే చిన్నది కాబట్టి తమను మోసం చేస్తున్నారనుకున్నారని ఆ సంస్థ యజమానే 2007లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాసుకున్నాడు.

అంకెలు తుడిచేసి మాట మార్చాను. సంతలో సోల పెద్దదా, మానిక పెద్దదా? నవ్వారు. ఇదొక ప్రశ్నా అన్న నవ్వు అది. వాళ్ళ ఇళ్ళలో సామలూ చోళ్ళూ కొలిచేది వాటితోనే. నాలుగు గిద్దెలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. నడుమ తవ్వ, అడ్డ ఉన్నాయి గాని అవి సగాలు. అంటే కుంచంలో మానిక 1/4, సోల 1/16, గిద్దె 1/64. పదహారు సోలలైతే గాని కుంచం నిండదు, కనుకనే సోల చిన్నది. ఎక్కువ ముక్కలైతే ముక్క చిన్నదవుతుందని నేను చెప్పనక్కర లేకపోయింది.

అక్కడితో ఆగక ఒక కుంచం చోళ్ళను ముగ్గురన్నదమ్ములకు పంచమన్నాను. తలా ఒక మానిక పోయగా ఒక మానిక మిగిలింది. దాన్ని సోలలు చేసి తలా ఒకటి పోయగా ఒక సోల మిగిలింది. దాన్ని గిద్దెలు చేస్తే తలా ఒక గిద్దె, మళ్ళీ ఒక గిద్దె మిగులు. వెనుక బెంచీలో ఒక పిల్లవాడు "ఇది తెగదండీ" అన్నాడు. 1/3 అన్న భిన్నం నాలుగుల లెక్కలో ఎన్నటికీ తెగదన్న సత్యం ఆ ఒక్క మాటలో ఉన్నది. ఆ మిగిలిన గిద్దె ఏం చేయాలని అడిగితే పిట్టలకు వేస్తామన్నారు.

ఈ నాలుగుల పరంపర ధాన్యానికే పరిమితం కాదు. రూపాయిలో పావలా 1/4, అణా 1/16, కాని 1/64. బ్రౌను నిఘంటువు వీసమంటే పదహారవ పాలు, కాని అంటే అరవై నాలుగవ పాలు అనే చెబుతుంది. మానిక పక్కన పావలా, సోల పక్కన అణా, గిద్దె పక్కన కాని పెట్టి చూడండి, అంచె అంచెకూ సరిపోతాయి. ధాన్యం లెక్క తెలిసినవాడికి డబ్బు లెక్క అదనంగా నేర్పనక్కర లేదు. (దమ్మిడీ ఒక్కటే ఈ వరుసలో ఇమడదు. కానికి మూడు దమ్మిడీలు, అణాకు పన్నెండు.)

దీనికి తగిన రాత కూడా మనకుండేది. కరణాల కవిలెకట్టలలో భిన్నాలను నేటిలాగా లవం మీద, హారం కింద రాసేవారు కారు. కాలు, అర, ముక్కాలులకు ఒకటి, రెండు, మూడు నిలువు గీతలు: ౹ ౺ ౻. వీసాలకు ఒకటి, రెండు, మూడు అడ్డగీతలు: ౼ ౽ ౾. ఆ తరువాతి అంచె, అంటే అరవై నాలుగో పాళ్ళకు, మళ్ళీ నిలువు గీతలు. ఈ గుర్తులకు 2008లో యూనికోడు 5.1లో చోటు దొరికింది. మీకు ఇక్కడ గీతలకు బదులు గళ్ళు కనిపిస్తే మీ కంప్యూటరులో తగిన ఖతి లేదన్నమాట.

ఇప్పుడు 3/4, 11/16, 45/64 అన్న మూడింటిని వరుసలో పెట్టమని నేటి విద్యార్థినడిగితే 64 హారంగా 48, 44, 45 అని మార్చి, అప్పుడు 11/16, 45/64, 3/4 అంటాడు. కరణం రాతలో అవి వరుసగా ౻, ౺౾, ౺౾౹. మొదటి గుర్తులు చూడగానే మూడు నిలువు గీతలున్నదే పెద్దదని తేలిపోయింది. మిగిలిన రెండింటిలో మొదటి రెండు గుర్తులూ సమానం, ఒకదానికి చివర ఒక కాని ఎక్కువ. లెక్క అయిపోయింది. నిఘంటువులో పదాలను అక్షరక్రమంలో వెతికినట్లే. హెచ్చవేత లేదు, క.సా.గు. లేదు. ఎందుకంటే ఈ పద్ధతిలో విజాతి భిన్నమన్నదే పుట్టదు.

అయితే ముగ్గురన్నదమ్ముల మిగులు గిద్దె ఉన్నదే, దానికి ఈ గీతలు చాలవు. శాస్త్రం అవసరమయ్యేది అక్కడ. బ్రహ్మగుప్తుడు 628లోనే ఒకదాని హారంతో రెండవదాని లవహారాలను గుణించి సమం చేసే మార్గం చెప్పాడు. 850 ప్రాంతంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో గణితసారసంగ్రహం రచించిన జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు దానికి మెరుగు పెట్టాడు. హారాలన్నింటినీ గుడ్డిగా గుణించకుండా, వాటిలోని ఉమ్మడి కారణాంకాలను, వాటితో భాగించగా మిగిలిన లబ్ధాలను మాత్రమే గుణిస్తే వచ్చే సంఖ్యకు ఆయన "నిరుద్ధం" అని పేరు పెట్టాడు. అదే నేటి మన క.సా.గు. ఆయన భిన్నాల అధ్యాయం పేరు కళాసవర్ణం. ఈ మాట దగ్గర పండితుడిగా కొంచెం ఆగాలనిపిస్తుంది. కళ అంటే పాలు, భాగం. చంద్రునికి పదహారు కళలు కాబట్టి పదహారవ పాలు కూడా కళే. సవర్ణం చేయడమంటే ఒకే వన్నెకు తేవడం. ప్రాచీనులు వన్నె అన్నదానిని ఆధునికులు జాతి అన్నారు. నాకు పాత మాటే నచ్చుతుంది, ఎందుకంటే భిన్నం జాతి మారదు, పైరంగు మాత్రమే మారుతుంది. 1/2ను 2/4 అన్నంత మాత్రాన అది వేరొకటి కాదు కదా.

ఈ గ్రంథాన్ని రంగాచార్యులవారు ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో ప్రకటించారు. కాని మనకు అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే తెలుగు పద్యాలలో అది అందింది. పావులూరి మల్లన సారసంగ్రహ గణితం అదే. ఆయన రాజరాజనరేంద్రుని కాలం వాడని ఎక్కువమంది పండితుల మతం, అంటే నన్నయకు సమకాలికుడు. జైన సంప్రదాయపు గ్రంథాన్ని శైవుడైన మల్లన తన రుచికి మలచుకున్నాడు. మన సాహిత్య చరిత్రలు భారతాన్ని గురించి వందల పుటలు రాసి, మల్లనకు ఒక పేరాతో సరిపుచ్చుతాయి. ఛందస్సులో క.సా.గు. చెప్పడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలుస్తుంది.

నిరుద్ధానికి ఒక ఉదాహరణ పొరుగుభాషలోనే ఉన్నది. తమిళంలోనూ కాణి ఉన్నది, కాని అది 1/80. వారికి "మా" అంటే 1/20. ఆ రెండూ కలిస్తే మాకాణి, అది మన వీసమే, 1/16. పేరు ఒకటే అయినా తెలుగు కాని 1/64, తమిళ కాణి 1/80. ఏది పెద్దది? 64, 80లకు ఉమ్మడి కారణాంకం 16, లబ్ధాలు 4, 5. పదహారును నాలుగుతో, ఐదుతో గుణిస్తే నిరుద్ధం 320. మన కాని 5/320, వారి కాణి 4/320. ఆ 1/320కి తమిళంలో పేరే ఉన్నది, ముందిరి. పొరుగువారి కాణి కంటే మన కాని ఒక ముందిరి ఎక్కువన్నమాట.

ఇక 1957 సంగతి. ఆ ఏడాది ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. దశాంశ నాణెం మంచిదే, నేను దాన్ని నిందించను. కాని పాత నాణేలూ కొత్త నాణేలూ కొన్నేళ్ళు పక్కపక్కనే చెలామణి అయ్యాయి. పదహారు హారం గల నాణెం, నూరు హారం గల నాణెం ఒకే చేతిలో! దేశంలోని ప్రతి సంతలోనూ విజాతి భిన్నాల పోలిక ఒక్కరోజులో తప్పనిసరి అయింది. అర్ధరూపాయి, పావలా సుఖంగా 50, 25 అయ్యాయి. అణా మాత్రం ఆరుంబావు పైసలు. పావు పైస నాణెం లేదు. కనుక మార్పిడి పట్టికలో అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19 అని సర్దారు.

16, 100ల నిరుద్ధం 400. అణా 25/400, ఆరు పైసలు 24/400. అంటే అణా ఇచ్చి ఆరు పైసలు పుచ్చుకున్నవాడికి నష్టం. మూడణాలు 75/400, పంతొమ్మిది పైసలు 76/400. ఇక్కడ లాభం. రూపాయి విలువైన పదహారణాలను ఒకచోట మార్చినవాడికి నూరు పైసలు వస్తే, అవే అణాలను పదహారు రోజులు రోజుకొకటిగా మార్చినవాడికి 96 వస్తాయి. నెల సరుకు ఒక్కసారి కొనేవాడికి ఈ తేడా అంటదు. ఏ పూటకాపూట ఉప్పూ కిరసనాయిలూ కొనుక్కునే కూలివాడి దగ్గరే ఆ నాలుగు పైసలు రాలిపోయేవి. ఎగువ సీలేరు పనులు సాగిన 1960లలో సంతకు దిగివచ్చే కొండవాడికి, 1/16 పెద్దదా 6/100 పెద్దదా అన్నది తరగతి గది ప్రశ్న కాదు.

ఆ తరువాత కొలతలూ మారాయి. మెట్రిక్ తూనికలు 1958 నుంచి విడతలుగా వచ్చి 1962 నాటికి దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. చట్టం కుంచాన్ని తీసివేసింది గాని, పైన చెప్పినట్లు, డొంకరాయి పిల్లల ఇళ్ళలో సోలా మానికా మరో పాతికేళ్ళ తరువాతా మిగిలే ఉన్నాయి. పాఠ్యపుస్తకం మాత్రం వాటిని మరచిపోయింది. మల్లన నాటి విద్యార్థికి చేతిలో కుంచం ముందు, నోట నిరుద్ధం తరువాత. మన పిల్లలకు క.సా.గు. ముందు వచ్చింది, కుంచం రానే లేదు. ముక్క చూడకుండా ముక్కలను పోల్చమంటే పదహారు పెద్దదనక ఏమంటారు?

నాణేలలో పావలా మరికొంత కాలం నిలిచింది. 25 పైసలు, అంతకు తక్కువ నాణేలు 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయాయి. నాలుగుల వరుసలో ఇక మిగిలినది అర్ధరూపాయి. అది చట్టప్రకారం చెల్లుతుందని చెప్పినా కొట్టువాడు పుచ్చుకోడు.