మందు సీసా, మాసపత్రిక
ప్రకటనల పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి, పాత పత్రిక చేతికొస్తే ముందు మందుల ప్రకటనలే చూస్తాను. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశారు. ఆ రాబడితో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక తెచ్చారు. అంటే మందు పత్రికను పోషించింది.

మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరిది మరో ఎత్తు. ఆయన కేసరి కుటీరం స్త్రీల కోసం లోధ్ర అనే మందు తయారుచేసేది. 1928లో ఆయన ‘గృహలక్ష్మి’ మాసపత్రిక పెట్టారు, అదీ స్త్రీల కోసమే. మందు కొనాల్సినవాళ్లే పాఠకులు! పైగా రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు; 1934లో మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మకు. ఇదంతా వ్యాపారమేగా అని పెదవి విరిచేవాళ్లుంటారు. విరవనీండి. నా లెక్కలో మాత్రం మా వృత్తిలో అంతకన్నా మర్యాదైన పని ఇంకెవరూ చెయ్యలేదు.