కానరాని గాయము

ఒకనిని కొట్టి గాయపఱచినవాడు, అతడు కోలుకొనువఱకు అగు ఖర్చు నిచ్చుకొనవలెనని మనుస్మృతి విధించినది. దానికి సముత్థానవ్యయమని పేరు. విఱిగిన చేయి అందఱికిని కనబడును గనుక ఆ లెక్క సులభము. గాయము కంటికి కానరానప్పుడు, బాధితుడు సత్యము పలుకుచున్నాడో, సొమ్మునకై నటించుచున్నాడో తేల్చుట యెట్లు? పొగబండ్లు వచ్చిన పిదప ఇంగ్లండు దేశమున ఈ చిక్కు పెద్దదయ్యెను.

పరుల అజాగ్రత్తచే మరణించినవాని భార్యాబిడ్డలు నష్టపరిహారము కోరవచ్చునని 1846 లో అచ్చట చట్టమేర్పడెను. అట్టి చట్టమే 1855 లో మన దేశమునకును వచ్చినది. గాయపడి బ్రదికిన ప్రయాణికులును రైలు కంపెనీలపై వ్యాజ్యములు వేయుచుండిరి. వారిలో కొందఱికి ఎముక విఱుగలేదు, నెత్తురు చిందలేదు. అయినను నిద్రలేమియు, వణకును, మతిమఱపును వదలకుండెను. బండి కుదుపుచే వెన్నుపాము చెడుటయే దీనికి కారణమని 1866 లో ఎరిక్‌సన్ అను శస్త్రవైద్యుడు ప్రకటించెను. వాదులకు అతని గ్రంథము ఆధారమయ్యెను. కంపెనీలవారు ఇది వేషమనిరి.

వేషధారులు లేకపోలేదు. కాని 1865 జూన్ 9 న స్టేపిల్‌హర్స్టు వద్ద రైలు పడి పదిమంది మరణించినప్పుడు, నవలాకర్త చార్లెస్ డికెన్సు పైకి గాయమేదియు లేక బయటపడెను. అటుపిమ్మట 1870 లో మరణించువఱకును, రైలులో ఆయనను అకస్మాత్తుగా భయము పట్టుచుండెను. దానిని వేషమని యెవరనగలరు?

1883 లో హెర్బర్టు పేజి అను వైద్యుడు ఎరిక్‌సన్ వాదమును ఖండించెను. ఈయన ఒక గొప్ప రైలు కంపెనీ పక్షపు శస్త్రవైద్యుడు. చెడినది వెన్నుపాము కాదనియు, ఘోరమైన భయమే పెక్కుచోట్ల రోగమునకు మూలమనియు ఆయన మతము. సొమ్ముపై ఆశ రోగమును పొడిగించుననియు వ్రాసెను. అయినను రోగులందఱును బొంకుచున్నారనలేదు. చెప్పిన కారణము తప్పైనను పడిన బాధ నిజము కావచ్చునని కంపెనీ వైద్యుడే యొప్పుకొనెనన్నమాట.

కడుపునొప్పి యని బొంకి ఇంటికి పోవు బాలుడు మా తరగతిలోను అప్పుడప్పుడు కానవచ్చును. వానికై, నిజముగా నొప్పిపడు బాలుని బల్లపై కూర్చుండబెట్టుట న్యాయమా? విచారింపవలసినదే, కాని విచారణకు ముందే దొంగయని తలంపరాదు. సొమ్ము చెల్లింపవలసినవాడే విచారణకర్తయైనచో, ఆ తీర్పును మఱియొకరు తూచి చూడవలెనని మా యభిప్రాయము.