చెంగ్డూ విమానక్షేత్రములు

విమానమును నడపినవాని పేరు యుద్ధచరిత్రములందు నిలుచును. అది దిగుటకు నేలను చదును చేసినవాని పేరు నిలువదు. ఇందులకు నిదర్శనముగా చీనాదేశపు వృత్తాంతమొక్కటి సభ్యమహాశయులకు నివేదించుచున్నాము.

1943వ సంవత్సరాంతమున అమెరికావారు బి-29 బాంబు విమానములను జపానుమీదికి పంప సంకల్పించిరి. అవి నాటి బంగాళ రాష్ట్రమునందలి ఖరగపుర ప్రాంతమునుండి హిమాలయములు దాటి, చెంగ్డూ నగర పరిసరములందు దిగి, ముందునకు సాగవలెను. అందులకై 4 క్షేత్రములు కావలసివచ్చెను. అమెరికా సైనిక ఇంజనీరగు లెఫ్టినెంటు కర్నల్ బైరోడ్ నిర్మాణమును పర్యవేక్షించెను. బర్మా దారి జపానువారి వశమై యుండుటచే భారీ యంత్రములు తెచ్చుటకు వీలు చిక్కలేదు. కావున చీనా ప్రభుత్వము 3 లక్షలకు పైబడిన రైతులను నిర్బంధముగా రప్పించెను.

వారు ఏటిగుండ్లను గంపలతో మోసిరి. సుత్తెలతో కంకర కొట్టిరి. పెద్ద రాతిరోలరులను వందలకొలది జనులు త్రాళ్లు పట్టి లాగిరి. వరిపొలములే 8,000 అడుగులకు మించిన పరుగుబాటలయ్యెను.

1944 ఏప్రిల్ 24వ తేదిని మొదటి బి-29 దిగెను. జూన్ 15వ తేది రాత్రి జపానులోని యవాటా ఉక్కు కర్మాగారముపై దాడి జరిగెను. అయినను పెట్రోలును, బాంబులను హిమాలయములమీదుగా విమానములందే చేరవేయవలసి యుండుటచే ఈ యేర్పాటు నిలువలేదు. 1945 జనవరిలో ఆ బృహద్విమానములు చెంగ్డూను విడిచిపోయెను.

ఫలము స్వల్పమని చరిత్రకారులు తూచవచ్చును. శ్రమ స్వల్పమని ఎవ్వరు తూచగలరు? పలుగును పారను పట్టినవారిని విస్మరించిన చరిత్రము సగము చరిత్రమే యని మా తాత్పర్యము.