వెనుక వచ్చేవాని కోసం వెలిగే దీపం

బ్రేకు తొక్కినప్పుడు కారు వెనుక వెలిగే ఎర్రదీపం నడిపేవాని కోసం కాదు, వెనుక వచ్చేవాని కోసం. అందుకే అది పనిచేయడం మానినా నడిపేవానికి తెలియదు. ఎం.జి.బి. స్పోర్ట్స్ కారు చరిత్రలో ఈ సంగతి స్పష్టంగా కనబడుతుంది.

ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుండి 1980 వరకు ఈ కార్లు 5 లక్షలకు పైగా తయారైనాయి. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. మన ఆఫీసుల ముందు దశాబ్దాలపాటు నిలబడిన అంబాసిడరుకు మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కనుక, రెండింటిదీ ఒకే ఇంటిపేరు.

తొలి ఎం.జి.బి.లలో బ్రేకు లైటు స్విచ్‌ను బ్రేకు ఆయిలు గొట్టాల వద్ద బిగించేవారు. పెడల్ తొక్కితే ఆయిలు ఒత్తిడికి లోపలి కాంటాక్టులు కలిసి దీపాలు వెలిగేవి. 21 వాట్ల బల్బులు రెండింటికి 12 వోల్టుల మీద సుమారు 3.5 ఆంపియర్ల కరెంటు ఆ చిన్న కాంటాక్టుల గుండానే పోవాలి. కలిసి విడిపోయినప్పుడల్లా నిప్పురవ్వ లేచి అవి క్రమేణా కాలిపోతాయి. మొదట గట్టిగా తొక్కితేనే దీపం వెలుగుతుంది, తరువాత అసలే వెలగదు. ఆ పిమ్మట వచ్చిన కార్లలో పెడల్ వద్దనే స్విచ్ పెట్టారు. పెడల్ కదిలితే చాలు, దీపం వెలుగుతుంది.

తొలి కార్లలో లోపం వెదకడానికి, ఫైలు పరిశీలించినట్లే, ఒక వరుస ఉన్నది. ఇండికేటర్లు, పెట్రోలు మీటరు కూడా పనిచేయకపోతే ముందు ఫ్యూజు చూడాలి, అన్నింటికీ అదొక్కటే. అవి బాగుంటే, ఇగ్నిషన్ ఆన్ చేసి స్విచ్ తీగలు రెండింటినీ కలపాలి. దీపాలు వెలిగితే తప్పు స్విచ్‌దే. వెలగకపోతే స్విచ్ వరకు కరెంటు వస్తున్నదా, బల్బులు, ఎర్తు, వైరింగు సరిగా ఉన్నాయా అని చూడాలి.

పాతరకం స్విచ్ విప్పితే ఆయిలు కారి, గొట్టంలోకి గాలి చొరబడవచ్చు. ఆ గాలి తీయించకుండా కారు నడపరాదు. కొత్త స్విచ్‌తో పాటు రిలే పెట్టిస్తే, బల్బుల కరెంటు రిలే మోస్తుంది, స్విచ్ ఎక్కువకాలం మన్నుతుంది.

మన ఇళ్లలోని కార్లకు, స్కూటర్లకు కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. నెలకొకసారి మనవడినో మనవరాలినో కాస్త పక్కగా, దీపం కనబడేచోట నిలబెట్టి బ్రేకు తొక్కి చూడండి. ఖర్చు లేని పని, ప్రాణం కాపాడే పని.