పాత పంటల జాతర: న్యాల్‌కల్ పల్లెలకు పర్యాటకంతో ఆదాయం వస్తుందా? అసలు విషయం ఏంటంటే..

సంక్రాంతి వచ్చిందంటే జహీరాబాద్ ప్రాంతంలో ఎడ్లబండ్లు ముస్తాబవుతాయి. బండి మీద కుండల్లో, బుట్టల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు, కంది, కుసుమ విత్తనాలు. ముందు డప్పులు, వెనక పాటలు పాడుతూ మహిళలు. ఇదే పాత పంటల జాతర. సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్, ఝరాసంగం, జహీరాబాద్ మండలాల పల్లెల్లో రెండు దశాబ్దాలకు పైగా జరుగుతోంది. మరి ఈ జాతర ఊళ్లకు ఏడాదంతా ఆదాయం తెచ్చిపెట్టగలదా?

జాతర ఎవరిది?

పస్తాపూర్ కేంద్రంగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) మొదలైంది. పీవీ సతీష్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2023 మార్చిలో ఆయన కన్నుమూశారు. ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాల్లో ఎక్కువమంది దళిత చిన్నకారు రైతులే. వాన మీదే ఆధారపడిన చెలకల్లో ఒకే పంట కాకుండా పలు రకాలు కలిపి వేయడం వీళ్ల పద్ధతి. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది.

ఈ సంఘాల మహిళలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. మాచ్‌నూర్‌లో వాళ్లు నడిపే సంఘం రేడియో 2008 నుంచి ప్రసారమవుతోంది.

చూడటానికి ఏముంది?

జాతర జనవరి మధ్యలో మొదలై దాదాపు నెల రోజులు సాగుతుంది. అదే సమయంలో చేలల్లో యాసంగి జొన్న, శనగ కనిపిస్తాయి. వానాకాలంలో వస్తే విత్తడం, ఆ తర్వాత కొర్ర, సామ కోతలు. అంటే నెలకో పని, నెలకో తిండి. జొన్న రొట్టె, కొర్ర అన్నం, చేనులో దానంతట అదే మొలిచే ఆకుకూరలు.. ఇవి నగరంలో దొరకడం కష్టం.

దారి కూడా అనుకూలమే. హైదరాబాద్ నుంచి జహీరాబాద్‌కు ముంబై హైవే మీద సుమారు 100 కిలోమీటర్లు. బీదర్ కోటకు, ఝరాసంగం కేతకీ సంగమేశ్వర ఆలయానికి వెళ్లే బండ్లు ఇటువైపే వస్తాయి. అవి ఒక్క పూట పల్లెలో ఆగేలా చేయడమే అసలు పని.

ఎందుకు అవసరం?

చిన్న కమతం, వాన మీద సేద్యం. చిరుధాన్యాలు పండినా ధర ప్రతిసారీ కలిసిరాదు. మరోవైపు న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో సుమారు 12,600 ఎకరాల్లో నిమ్జ్ పారిశ్రామిక మండలి ప్రతిపాదన ఉంది. భూసేకరణపై రైతుల నుంచి వ్యతిరేకత కూడా వచ్చింది. ఫ్యాక్టరీ వస్తే కొందరికి కొలువులు రావచ్చు. కానీ చేను పోతే పంటతో పాటు జాతరా పోతుంది. చేను లేని పాత పంటల జాతర ఉత్త ఊరేగింపే కదా.

పోచంపల్లి ఏం చెబుతోంది?

యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లిని 2021లో ఐరాస ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అక్కడ మగ్గం చూసినవాళ్లు చీర కొనుక్కుని వెళ్తారు. న్యాల్‌కల్ వైపు లెక్క వేరు. ఇక్కడి సంఘాల్లో విత్తనం అమ్మే సరుకు కాదు. అవసరమైనవాళ్లు తీసుకుని, పంట వచ్చాక కొంత కలిపి తిరిగిస్తారు. కాబట్టి ఆదాయం భోజనం, బస, పిండి, పప్పుల అమ్మకం, చేను చూపించే పనిలోంచే రావాలి.

ఏం జాగ్రత్తలు కావాలి?

* ఎంతమంది రావాలి, ఏ రోజుల్లో రావాలన్నది సంఘమే నిర్ణయించాలి. కోతల రోజుల్లో అతిథుల కోసం పని ఆగకూడదు.
* డబ్బు మధ్యవర్తికి కాకుండా నేరుగా సంఘం ఖాతాకు రావాలి. వండిన వాళ్లకు, చేను చూపించిన వాళ్లకు కూలి అందాలి.
* శుభ్రమైన గది, మరుగుదొడ్డి, తాగునీళ్లు ముందు సిద్ధం కావాలి. ప్రచారం ఆ తర్వాత.
* పాట, ఆట టికెట్ కొన్నవాళ్ల కోసం మళ్లీ మళ్లీ చేసే ప్రదర్శన కాకూడదు. జాతర తేదీకి సందర్శకులే రావాలి.

పర్యాటకం ఒక్కటే ఊరిని నిలబెట్టదు. సేద్యానికి తోడుగా నాలుగు రూపాయలు ఇస్తే చాలు. ఆ నాలుగు రూపాయలు విత్తనం దాచిన మహిళ చేతికే చేరాలి. అప్పుడే వచ్చే ఏడాది కూడా బండి కదులుతుంది.